వాననీటి కుంట: 12 ఎకరాల లేఅవుట్‌కు నేను వేసిన లెక్క

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి వెళ్లే దారికి కాస్త లోపలగా ఒక లేఅవుట్ ఉంది. దాని దిగువన చెలక ఉన్న రైతు ఒకరు ఓ ఆషాఢం పొద్దున మా ఇంటి అరుగు మీద కూర్చుని నాతో అన్న మాట ఇది: "సారూ, పైన బీడు ఉన్నప్పుడు కూడా నీళ్లు నా చెలకలోకే వచ్చేవి. కానీ నడుచుకుంటూ వచ్చేవి. ఇప్పుడు పరుగెత్తుకుంటూ వస్తున్నాయి. వస్తూ వస్తూ మన్ను కూడా మోసుకొస్తున్నాయి."

చిన్ననీటి వనరుల పనుల్లో ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి రిటైరైన ఇంజినీరును నేను. నీటి పారుదల గురించి చదివిన పుస్తకాల్లో ఇంత తేటగా సమస్యను చెప్పినది నాకు గుర్తు లేదు. నీళ్లు నడవాలి, మన్ను ఆగాలి. కాగితాల మీద డిటెన్షన్ బేసిన్ అని రాసే గుంట చేయాల్సిన పని ఇంతే. నేను దాన్ని కుంట అనే అంటాను. మన చెరువుకు ఉన్న కట్ట, నీళ్లు వదిలే తూము, నిండితే పొంగి పారే అలుగు దీనికీ ఉంటాయి. తేడా ఒక్కటే. చెరువు నీళ్లు దాచుకోవడానికి కడతాం, దీన్ని ఖాళీ అవడానికి కడతాం. వాన వెలిశాక రెండో రోజుకు ఎండి ఉంటేనే ఇది పని చేసినట్లు. నిండుగా ఉన్న కుంట తర్వాతి వానకు ఎందుకూ పనికిరాదు.

ఆ 12 ఎకరాల లేఅవుట్‌కు నేను వేసిన లెక్కనే ఇక్కడ విడమరిచి చెబుతున్నాను. మీ స్థలం వేరు, మీ అంకెలు వేరు; వరస మాత్రం ఇదే.

కాగితం కంటే ముందు, వానలో ఒకసారి

గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని స్థలం చుట్టూ తిరగండి. నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు మ్యాపులో కనిపించనివి కనిపిస్తాయి. పక్క లేఅవుట్ కాలువ మీ స్థలంలోకి గండి పెట్టి ఉండవచ్చు. పాత బండిబాట ఒకటి వాగులా పారుతూ ఉండవచ్చు. మీ కుంటకు మీ 12 ఎకరాల నీళ్లే వస్తాయా, పైనున్న 40 ఎకరాల నీళ్లు కూడా వస్తాయా అన్నది అక్కడే తేలుతుంది. పై నీళ్లను వీలైతే అంచు వెంబడి వేరే కాలువలో దాటించండి, కుంటలోకి రానివ్వకండి.

రెండోది, కుంట పెట్టదలచిన చోట రెండు మూడు మీటర్ల లోతున మూడు గుంతలు తవ్వించండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. పైన ఎర్రమన్ను, దాని కింద మొరం, ఆ తర్వాత ఎక్కడ గట్టి బండ తగులుతుందో చెప్పలేం. రాయి ఒకటిన్నర మీటరుకే తగిలితే తవ్వకం లెక్క, ఖర్చు రెండూ మారిపోతాయి. అప్పుడు కుంటను లోతు తగ్గించి వెడల్పు చేయాలి.

మూడోది, దిగువన నీళ్లు ఎక్కడికి పోతాయో చివరిదాకా నడిచి చూడాలి. పక్కనే కుంటో చెరువో ఉంటే దాని శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో), ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం) హద్దులో మీ గుంట తవ్వి "మేం బేసిన్ కట్టాం" అనకండి. అది చెరువు గదిలోకి చొరబడి అద్దె కూడా కట్టకపోవడం. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి.

ఎంత నీరు, ఎంత గుంట

వాన లెక్కలో మొదట తీసేయాల్సిన అపోహ ఏడాది సగటు. ఏడాది మొత్తానికి ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో సుమారు 600 మిల్లీమీటర్లు, ఉమ్మడి నల్లగొండలో 750 దాకా పడుతుంది. "ఇది కరువు నేల, ఇక్కడ కుంట ఎందుకు సార్" అని లేఅవుట్ యజమాని అడిగింది ఈ అంకె పట్టుకునే. కరువు నేలలో వాన తక్కువ రోజులు పడుతుంది కాని, పడిన రోజున తక్కువగా పడాలని లేదు. రోజంతా కలిపి 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ భారీ వర్షం అంటుంది. అంత వాన మన దగ్గర ఒక సాయంత్రపు రెండు గంటల్లో కురిసిపోగలదు. మీ మండలంలోని ఆటోమేటిక్ వర్షమాపక కేంద్రం గంటవారీ లెక్కలు తెచ్చుకోండి. రోజు మొత్తం అంకెతో కుంట కట్టలేం.

సూత్రం చిన్నది. పారుదల గుణకాన్ని, గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రతను, హెక్టార్లలో విస్తీర్ణాన్ని గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని క్యూబిక్ మీటర్ల నీరు వస్తుందో తెలుస్తుంది. గుణకం అంటే పడిన నీటిలో పారిపోయే వాటా. బీడు నేలకు 0.3 వేశాను. రోడ్లు, స్లాబులు, సిమెంటు వాకిళ్లు వచ్చాక సగటున 0.7 వేశాను. 12 ఎకరాలంటే 4.86 హెక్టార్లు, లెక్క తేలికగా ఉండేందుకు 5 అనుకుందాం. గంటకు 60 మిల్లీమీటర్ల వానకు బీడుగా ఉన్నప్పుడు సెకనుకు 0.25 క్యూబిక్ మీటర్లు, ఇళ్లు వచ్చాక 0.58. రైతు చెప్పిన నడకకు, పరుగుకు తేడా ఇదే. నాకు నేను పెట్టుకున్న షరతు, ఏ వానకూ తూములోంచి 0.25 మించి బయటికి పోకూడదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకే వానతో లెక్క ముగించడం. పొట్టివాన జోరుగా ఉంటుంది, పొడుగువాన మెల్లగా ఉంటుంది. కుంటను నింపేది ఏదో వేసి చూడనిదే తెలియదు. నిండే కొద్దీ తూము జోరు పెరుగుతుంది కాబట్టి సగటున 0.25లో మూడింట రెండు వంతులు, అంటే నిమిషానికి 10 క్యూబిక్ మీటర్లు బయటికి పోతాయని తీసుకున్నాను. అరగంటలో 45 మిల్లీమీటర్లు పడితే లోపలికి 1,575 వస్తాయి, 300 పోతాయి, 1,275 ఆగాలి. గంటలో 60 పడితే 1,500 ఆగాలి. రెండు గంటల్లో 80 పడితే వచ్చేవి 2,800, పోయేవి 1,200, ఆగాల్సినవి 1,600. మూడు గంటల్లో 84 పడితే 1,140 చాలు. ఇక్కడ నెగ్గింది రెండు గంటల వాన. కుంట 1,600 క్యూబిక్ మీటర్లు.

ఈ వాన అంకెలు నా ఉదాహరణకు తీసుకున్నవి. మీ మండలం లెక్కలతో నాలుగు వరుసలూ మళ్లీ వేసుకోండి. పది నిమిషాల పని.

ఆ 1,600ను 1.2 మీటర్ల లోతులో పరిచాను. సగం లోతు దగ్గర కొలిస్తే 61 మీటర్ల పొడవు, 22 మీటర్ల వెడల్పు. పొడవు వెడల్పుకు కనీసం రెండింతలు, వీలైతే మూడింతలు ఉండాలి. నీళ్లు వచ్చే చోటు, పోయే చోటు రెండు కొసల్లో ఉండాలి. రెండూ పక్కపక్కనే పెడితే నీళ్లు గుమ్మంలోనే పలకరించి వెళ్లిపోతాయి, మన్ను దింపవు. ఒడ్డు వాలు ఒకటికి మూడు, అంటే మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడ్డం. గట్టి మొరంలో ఒకటికి రెండు కూడా నిలుస్తుంది కాని, జారిపడిన పిల్లవాడు లేచి ఎక్కి రాగలిగేది ఒకటికి మూడులోనే.

ఈ 1.2 మీటర్ల కింద మరో 0.4 మీటరు తవ్వించాను. అది ఎందుకో తూము దగ్గర చెబుతాను. పైన అలుగు పారడానికి, భద్రతకు కలిపి 0.6 మీటరు, చుట్టూ మూడు మీటర్ల కట్ట, ముందు మన్ను ఆపే పూడిక గుంట. అంతా కలిపి 30 గుంటల నేల (ఎకరాకు 40 గుంటలు). గజాల్లో 3,630. యజమాని ఫోనులోని కాలిక్యులేటర్ నొక్కి, "200 గజాల ప్లాట్లు 18 పోయాయి సార్" అన్నాడు, ఇంట్లో ఎవరో పోయినట్లు. 480 గుంటల్లో 30, అంటే ఆరు శాతం పైచిలుకు. వాననీరు ఎలాగూ ఆ జాగా తీసుకుంటుందని, ఏ ప్లాట్లలో తీసుకోవాలో మనం చెప్పడమే డిజైనని అన్నాను. ఆయన నవ్వలేదు. కాని సంతకం పెట్టాడు.

మన్ను మాట

మన్ను లెక్కకు ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. పారుతున్న కాలువ నీళ్లు ఒక లీటరు సీసాలో పట్టి, బాగా కలిపి, కిటికీలో పెట్టి గడియారం చూడండి. ఆ లేఅవుట్ నీళ్లతో నేను చేశాను. అరనిమిషంలో అడుగున ఇసుక వేలెడు మందాన దిగింది. పావుగంటకు దాని మీద ఇటుకరంగు ఒండ్రు మెత్తటి పొరగా పరుచుకుంది, ఇసుకకూ దానికీ మధ్య గీత గీసినట్లు కనిపించింది. ఆ తర్వాత ఏమీ జరగలేదు. రాత్రి పడుకునేముందు చూశాను, చిక్కటి టీ. పొద్దున లేచి చూశాను, పల్చటి టీ. మా ఆవిడ మూడోరోజు దాన్ని పారబోసేటప్పటికి కూడా నీళ్లు తేట పడలేదు.

దీని వెనక అంకెలు ఇవి. 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువు నిలకడ నీటిలో సెకనుకు 8 మిల్లీమీటర్ల వేగంతో దిగుతుంది. 0.02 మిల్లీమీటరు ఒండ్రు 0.36 మిల్లీమీటర్లు, ఒక మీటరు దిగడానికి ముప్పావు గంట. 0.002 మిల్లీమీటరు బంకమన్ను ఒక మీటరు దిగాలంటే మూడు రోజులు పైనే. ఏ రేణువు కుంటలో ఆగుతుందన్నది ప్రధానంగా నీటి పైతలం విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది, లోతును బట్టి కాదు. గరిష్ఠ ప్రవాహానికి ఐదో వంతు కలిపి, రేణువు దిగే వేగంతో భాగిస్తే ఎంత వైశాల్యం కావాలో వస్తుంది. అరగంట జోరువానకు మన ప్రవాహం సెకనుకు 0.875 క్యూబిక్ మీటర్లు. మన కుంట 1,300 చదరపు మీటర్లు పైన ఉంది. అంటే 0.03 మిల్లీమీటరు దాకా ఉన్న రేణువులు ఆగుతాయి. అంతకంటే సన్నవి చాలావరకు దాటిపోతాయి. కాబట్టి బయటికి వచ్చే నీళ్లు ఎర్రగా ఉంటే కుంట చెడిపోయిందని కంగారు పడకండి. ఆ ఎరుపును ఆపే మందు కుంటలో లేదు, పైన ఉంది. తవ్విన మట్టి కుప్పల మీద పరదా కప్పడం, ఖాళీ ప్లాట్లలో గడ్డి ఉండనివ్వడం, అన్ని రోడ్లకూ ఒకేసారి నేల విప్పకపోవడం.

ఇందుకే కుంట తవ్వకం మొట్టమొదటి పని కావాలి. రోడ్ల బుల్డోజరు రాకముందే అది సిద్ధంగా ఉండాలి. ఇళ్లు లేచే రెండు మూడేళ్లలో వచ్చినంత మన్ను ఆ తర్వాత ఎప్పుడూ రాదు. నిర్మాణ దశలోని పూడిక కుంటకు అమెరికాలో ఎకరాకు 3,600 ఘనపుటడుగులు, అంటే సుమారు 100 క్యూబిక్ మీటర్లు చూపించమంటారు. మన 12 ఎకరాలకు 1,200 పైచిలుకు అవుతుంది. మన కుంట ఆ పని కూడా చేసేస్తుంది. ఇళ్లు పూర్తయ్యాక ఒకసారి అడుగుదాకా తీయించి అసలు కొలతలకు తేవాలి.

ఇక పూడిక గుంట. కాలువ కుంటలోకి దిగే చోట, మొత్తం నిలవలో పదో వంతు నుంచి ఏడో వంతు వరకు విడిగా ఒక చిన్న గది. మనకు 200 క్యూబిక్ మీటర్లు. మీటరు లోతు, అడుగున సిమెంటు కాంక్రీటు, అసలు కుంటకూ దీనికీ మధ్య రాళ్ల అడ్డుకట్ట. అడుగు కాంక్రీటు ఎందుకంటే, పూడిక తీసే జేసీబీ బకెట్‌కు ఎక్కడ ఆగాలో తెలియాలి. మట్టి అడుగైతే ప్రతి ఏడూ అరమీటరు లోతు పెరుగుతూ పోతుంది.

ఈ గది విలువ నాకు పరువు పోయాక తెలిసింది. ఉద్యోగం మానాక మొదట చేసిన కుంట మహబూబ్‌నగర్ వైపు ఒక కాలనీకి. లెక్కలన్నీ సరిగ్గానే వేశాను. పూడిక గుంట పెట్టలేదు, స్థలం లేదన్నారు, నేను ఒప్పుకున్నాను. చుట్టూ ప్రహరీ కట్టించాను, మనిషి పట్టే గేటు పెట్టించాను. రెండు వానాకాలాలకు అడుగంతా మోకాలి లోతు పూడిక. జేసీబీ తెచ్చారు. గేటు బయట నిలబడింది. లోపలికి దిగే దారి నా డ్రాయింగులో లేదు. కూలీలు తట్టలతో పదకొండు రోజులు మోశారు. మేస్త్రీ నన్ను ఒక్క మాట అనలేదు, రోజూ సాయంత్రం ఫోను చేసి ఎన్ని తట్టలైందో మాత్రం చెప్పేవాడు. అప్పటినుంచి నా డ్రాయింగులో మొదట గీసేది నాలుగు మీటర్ల వెడల్పున్న దిగుడు బాట, వాలు ఒకటికి ఎనిమిది.

తూము, అలుగు

పాత చెరువు తూములు చూశారా? మెట్లు మెట్లుగా రంధ్రాలు, వాటికి బిరడాలు. నీటిమట్టాన్ని బట్టి పైదో కిందిదో తీసేవారు. కుంట తూము కూడా అదే, కాకపోతే బిరడా తీసే మనిషి ఉండడు కాబట్టి రంధ్రం కొలతే మనిషి పని చేయాలి.

కట్టలోపలి వైపు ఇటుకతోనో కాంక్రీటుతోనో ఒక చదరపు పెట్టె కట్టి, దాని నుంచి 450 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు (సిమెంటు గొట్టం) కట్ట కిందుగా బయటికి తీయండి. పెట్టె గోడకు రెండు రంధ్రాలు. అడుగున 75 మిల్లీమీటర్లది. ఇది ఆ 0.4 మీటర్ల అడుగు నీటిని ఖాళీ చేయడానికి. అక్కడ పట్టే నీరు దాదాపు 390 క్యూబిక్ మీటర్లు, ఈ చిన్న రంధ్రం దాన్ని 27 గంటల్లో వదులుతుంది. చిన్న చిన్న వానలన్నీ ఇక్కడే ఆగి, మన్ను దింపి, తీరిగ్గా వెళతాయి. ఈ అంతస్తు లేకపోతే పెద్ద రంధ్రం చిన్న వానను ఉన్నది ఉన్నట్లు పంపేస్తుంది. ఏడాదిలో ఎక్కువసార్లు పడేవి ఆ మామూలు వానలే.

పెద్ద రంధ్రం 0.4 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. రంధ్రం వైశాల్యాన్ని, దాని మధ్యబిందువు మీద ఉన్న నీటి ఎత్తును 19.62తో గుణించి తీసిన వర్గమూలాన్ని, 0.6ను గుణిస్తే ప్రవాహం వస్తుంది. 340 మిల్లీమీటర్ల రంధ్రానికి కుంట నిండినప్పుడు 0.245 వచ్చింది, చిన్న రంధ్రం తోడైతే 0.25 మీద ఏ కొంచెమో. ఇంత కచ్చితమైన రంధ్రం తాపీ పనిలో రాదు. గోడకు పెద్ద బెజ్జం వదిలి, దాని ముందు 340 కోసిన ఇనుప పలకను బోల్టులతో బిగించండి. తర్వాత లెక్క తప్పిందని తేలినా గోడ పగలగొట్టకుండా పలక మార్చుకోవచ్చు.

చిన్న రంధ్రానికి శత్రువు పాలపాకెట్ కవరు. ఒక్క కవరు చాలు, 27 గంటల కుంట నెల రోజుల దోమల చెరువైపోతుంది. నీళ్లు మూడు రోజులు దాటి నిలిస్తే దోమలకు మనమే పురుడు పోసినట్లు. రంధ్రం ముందు గులకరాళ్ల కుప్ప, దాని చుట్టూ జల్లెడ పెట్టండి. పెద్దదానికి ఏటవాలు ఊచల కటకటా, రంధ్రం కంటే కనీసం పది రెట్ల వైశాల్యంతో. నిలువు కటకటాకు చెత్త అతుక్కుపోతుంది, ఏటవాలుదాని మీద నీరు పెరిగే కొద్దీ పైకి జరుగుతుంది.

పైపు కట్టను దాటే చోటే కట్టలు తెగుతాయి. పైపు కింద, పక్కల మట్టిని చేతి దిమ్మిసతో కొట్టించండి. రోలరు అక్కడికి చేరదు. కట్ట మట్టి 20 సెంటీమీటర్ల పొరలుగా, తడిపి, తొక్కించి ఎత్తాలి. ఒట్టి నల్లరేగడితో కడితే వేసవిలో చెయ్యి దూరేంత పగుళ్లు. లోపల బంక ఎక్కువున్న ఎర్రమన్ను, పైన మొరం. కట్ట మీద గరిక, వట్టివేరు నాటండి. సర్కారు తుమ్మ మొలిస్తే చిన్నప్పుడే పీకేయండి, దాని వేరు చచ్చి కుళ్లాక కట్టలో గొట్టమవుతుంది.

అలుగు విషయంలో పిసినారితనం పనికిరాదు. మీ లెక్కకు మించిన వాన ఏదో ఒక ఏడు వస్తుంది. 2020 అక్టోబరు వరదను హైదరాబాదు చుట్టుపక్కల ఎవరూ మరచిపోలేదు. గంటకు 120 మిల్లీమీటర్లు, గుణకం 0.8 వేస్తే సెకనుకు 1.33 క్యూబిక్ మీటర్లు. తూము పూర్తిగా మూసుకుపోయిందనే అనుకోండి. అలుగు మీద 0.3 మీటర్ల ఎత్తున నీరు పారితే మీటరు పొడవుకు దాదాపు 0.28 పోతుంది. ఐదు మీటర్ల అలుగు సరిపోతుంది. దాన్ని కొత్తగా ఎత్తిన కట్ట మీద కాకుండా తవ్వని గట్టి నేల మీద పెట్టి, దిగువన రాతిపరుపు వేయండి. నల్లగొండ పక్కనున్న పానగల్లు ఉదయ సముద్రం చెరువును, ఒకప్పుడు ఇక్కడ ఏలిన కందూరు చోడుల కాలంలో తవ్వించినవాళ్ల దగ్గర మన సూత్రాలు లేవు. నీరు ఎక్కడ పొంగాలో ముందే నిర్ణయించకపోతే నీరే నిర్ణయిస్తుందన్నది మాత్రం వాళ్లకు తెలుసు.

కట్టాక

పూడిక గుంటలో ఒక రాతి స్తంభం పాతి, అడుగు నుంచి పది సెంటీమీటర్లకో గీత పెయింటు వేయించండి. సగం ఎత్తు గీత పూడికలో మునిగితే తీయించాలి. రోహిణి కార్తె ఎండల్లో, మృగశిర రాకముందు ఒకసారి ఎలాగూ తీయించాలి, గీత ఎక్కడున్నా సరే. చెరువు ఒండ్రు పొలాలకు తోలుకోవడం మన అలవాటు. మిషన్ కాకతీయలో రైతులు అలా లక్షల ట్రాక్టర్లు తోలుకున్నారు. కాలనీ పూడికను మాత్రం అలా ఇవ్వకండి. అందులో బండ్ల ఆయిలు, గాజు పెంకులు, ప్లాస్టిక్ ఉంటాయి. పరీక్ష చేయించనిదే చెలకకు పనికిరాదు, గోతులు పూడ్చడానికి వాడుకోండి.

మురుగు కాలువను ఎవరూ తెచ్చి కుంటలో కలపకుండా చూడండి. అడుగుతారు. "కొద్ది రోజులే సార్" అంటారు. ఒక్క ఇంటి మురుగు చేరినా కుంట ఎన్నటికీ ఎండదు.

తూము పలకకు బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. నల్లగొండ లేఅవుట్‌లో మామూలువి బిగించారు, రెండో వానాకాలం ముందు పలక విప్పబోతే ఒక్కటీ కదల్లేదు, గ్యాస్ కట్టర్ తేవాల్సి వచ్చింది. వాటి ధర తేడా రెండు వందల రూపాయలు కూడా లేదు. పలకకు మరో జత కోయించి, గేటు తాళం రెండో చెవితో పాటు దిగువ రైతు ఇంట్లో ఉంచాను. కాలనీవాళ్లకంటే ముందు ఆ తూము చూసి వచ్చేది ఆయనే.